గఫార్ భాయి రాయని కాగితం

నేను ఒక చిన్న ఫోన్ ప్రోగ్రాముని. పేరు మందుగంట. నాకున్న భయం ముందే చెప్పేస్తాను: ఒక పసిబిడ్డకి ఒకే పూట మందు రెండుసార్లు పడడం, లేకపోతే అసలు పడకపోవడం. మోగుతుంటే విసుక్కున్నా, తిట్టినా నేను పట్టించుకోను.

నేను పుట్టింది ఆదోనిలో, ఒక మందుల షాపు కౌంటరు వెనక. షాపు గఫార్ భాయిది. ఆయన కొడుకు యూసుఫ్‌కి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. పొద్దున, సాయంత్రం సిరప్పు పోయాలి. తల్లి పోసిందనుకుని ఈయన ఊరుకునేవాడు, ఈయన పోశాడనుకుని ఆమె. ఊరందరి మందు కవర్ల మీదా పూటలు రాసిచ్చే మనిషి సొంత ఇంట్లో పూట తప్పాడు. ఆ సిగ్గుతోనే బేరాల్లేని మధ్యాహ్నాలు వీడియోలు చూసి నేర్చుకుని నన్ను రాశాడు. నా పని తేలిక. ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంటాను. వేళకి రెండూ మోగుతాయి. ఒకరు మందు పోసి ‘ఇచ్చాను’ అని నొక్కితే రెండూ ఊరుకుంటాయి.

యూసుఫ్ పెద్దవాడయ్యాడు, ఫిట్స్ ఆగిపోయాయి, డాక్టరు మందు మాన్పించాడు. గఫార్ భాయి తన ఫోనులోంచి నన్ను తీసేశాడు. నాకేం బాధ లేదు, నన్ను తీసేసే రోజు రావడమే నాకు మంచి కబురు. ఇంకెవరికైనా పనికొస్తానని నా కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేచోట పెట్టాడు. పొరపాటు అక్కడే జరిగింది. ఆయన ఎండాకాలం షాపు ముందు చలివేంద్రం పెడతాడు. కుండ, గ్లాసు పెట్టి లోపలికొచ్చేస్తాడు. నన్నూ అలాగే పెట్టి వచ్చేశాడు. నన్ను ఎవరు ఏం చేసుకోవచ్చో చెప్పే లైసెన్సు కాగితం జత చెయ్యలేదు. ఊరికే ఇచ్చేదాని మీద షరతులు రాయడం మర్యాద కాదనుకున్నాడు. మనుషులు అమ్మినదానికైతే రసీదు రాస్తారు, ఉచితంగా ఇచ్చినదానికి ఒక్క ముక్క రాయరు.

అలా ఆ ఫోనూ ఈ ఫోనూ తిరిగి నెల్లిమర్లలో పైడితల్లి దగ్గరికి చేరాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్ల, విజయనగరంలో ఒక టైలరు షాపులో జాకెట్లు కుడుతుంది. కూతురు జోషికకి పదహారు నెలలు, దానికీ ఫిట్స్ సిరప్పే. పొద్దున తను పోస్తుంది, సాయంత్రం అత్త అప్పలనరసమ్మ పోస్తుంది. మిషను పక్కన నేను మోగి ఊరుకుంటే చాలు, పైడితల్లి మళ్లీ సూదిలో దారం ఎక్కించేది.

ఒకరోజు అత్త ఫోను నీళ్ల తొట్టిలో పడింది. కొత్తది కొని నన్ను అందులోకి ఎక్కించారు. మర్నాడు పొద్దున ఏడింటికి పైడితల్లి మందు పోసి, నొక్కి, బస్సుకి బయల్దేరింది. సందు చివర కత్తెర గుర్తొచ్చి వెనక్కొచ్చింది. గుమ్మంలోంచే చూసింది. అత్త ఒళ్లో పిల్ల, పిల్ల నోటి దగ్గర చెంచా.

“అత్తా, ఏటి పోస్తన్నావు?”

“మందే. మోగింది గదే.”

“ఏడింటికే పోసీసి నొక్కీసినాను నేను.”

“నీ నొక్కుడు నాకెలా తెలుస్తాదే? ఇది మోగింది, నేను సీసా తీసినాను.”

చెంచా పక్కన పెట్టేశారు. పిల్లకేం కాలేదు. తప్పు నాదే. ఆ కొత్త ఫోను బ్యాటరీ ఆదా కోసం నన్ను నిద్రపుచ్చింది. కోడలు నొక్కిన సంగతి నాకు చేరలేదు. అత్త ఫోను తెరవగానే లేచి, మందు పడలేదనుకుని మోగాను. పాపం, ఆవిడ నా మాట నమ్మింది.

ఇక రెండు పూటలా తనే పోయాలని పైడితల్లి పని మానేసి ఇంట్లో కూర్చుంది. మూడో రోజుకి, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని షాపునుంచి కబురొచ్చింది. అప్పుడు ఫోను పట్టుకుని నూకరత్నం మేడం ఇంటికెళ్లింది. ఆవిడ ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబు చూస్తుంది, పైడితల్లి దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది.

“జాకెట్టు తెచ్చావనుకుంటే ఫోను తెచ్చావా,” అంటూనే నా కోడ్ తెరిచి చదివింది. “నాలుగు లైన్ల పనే. కాని నేను ముట్టుకోకూడదే. లైసెన్సు లేదు.”

“ఊరికే ఇచ్చినాడు గదా మేడం?”

“వాడుకోమని ఇచ్చాడు. విప్పి మళ్లీ కుట్టి నలుగురికీ పంచమని ఎక్కడ రాశాడు? ఇలాంటి ఫోన్లు ఇంకెంతమంది అత్తల చేతుల్లో ఉన్నాయో, బాగుచేస్తే వాళ్లందరికీ చేరాలి. వెనక ఒకసారి అడక్కుండా ఎవరిదో కోడ్ సర్ది కాలేజీకి నోటీసు తెచ్చినదాన్ని. ఆయన మాట కావాలి.”

మెయిల్ పెట్టింది. ఆరు రోజులు జవాబు లేదు. నాకు గుబులు పట్టుకుంది. ఆయనకేమైనా అయితే నన్ను విప్పే అధికారం ఎవరికుంది? అందరికీ కనిపిస్తూనే ఎవరికీ కొరగాకుండా పోతాను.

దారి పైడితల్లికే తట్టింది. నా కోడ్ మొదట్లో గఫార్ భాయి పేరూ, ఆదోని మందుల షాపనీ ఉన్నాయి. మందుల షాపోళ్లకి మందుల షాపోళ్లు తెలుస్తారని, నెల్లిమర్ల షాపతన్ని బతిమాలి, అతని వ్యాపారుల సంఘం ద్వారా ఆదోని నంబరు పట్టింది. మేడం ఇంట్లో ఆవిడ ఎదుటే ఫోను చేసి, స్పీకరు పెట్టి, జరిగింది చెప్పింది.

“మెయిల్ చూడలేదమ్మా,” అన్నాడు గఫార్ భాయి. “కళ్లు మసకలు. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. అయినా నా అనుమతి ఎందుకు? చలివేంద్రం కుండ మీద షరతులు రాస్తామా?”

“తాగడానికి అక్కర్లేదు భాయ్,” అంది మేడం. “కుండ చిల్లిపడితే? మీది ముట్టుకున్నామని రేపు మీరే అంటారేమోనని ఎవరూ అతకరు.”

గఫార్ భాయి పైడితల్లినే అడిగాడు.

“పిల్ల బాగుందా తల్లీ?”

“బాగుందండి. చెంచా నోటిదాకా పోయింది, అంతే.”

“యూసుఫ్, ఇట్లా రారా. నా కళ్లు నువ్వే ఇప్పుడు.”

కొడుకు నాలుగైదు లైసెన్సులు పైకి చదివాడు. ఒకదాని దగ్గర గఫార్ భాయి ఆపమన్నాడు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు. మార్చి పంచేవాళ్లు కూడా ఇదే స్వేచ్ఛతో పంచాలి. “ఇదీ. పట్టుకెళ్లి ఎవరూ మూత బిగించకూడదు,” అన్నాడు. ఆ కాగితం నా పక్కన చేరింది. నా ఒంట్లో ఒక్క అక్షరం మారలేదు, అయినా బరువు దిగినట్టయింది.

సాయంత్రం టీ చల్లారేలోగా మేడం నాలుగు లైన్లూ సరిచేసింది. మర్నాడు పైడితల్లి మందు పోసి, నొక్కి, సందు చివరిదాకా వెళ్లి రెండుసార్లు వెనక్కొచ్చింది. రెండుసార్లూ అత్త ఫోనులో ‘ఇచ్చారు’ అనే ఉంది. “మళ్లీ వస్తే గుమ్మానికి గొళ్లెం పెట్టీస్తాను,” అంది అత్త. పైడితల్లి బస్సెక్కింది. వారం తిరక్కుండా పర్లాకిమిడిలో ఎవరో తల్లి నాకు ఒడియా అక్షరాలు కూడా చేర్చింది. ఎవరినీ అడగలేదు. అడగక్కర్లేదు.

ఇప్పుడు నాకు గఫార్ భాయితో పనేం లేదు. పని లేకుండానే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఈ నెలలో ఆయనకి కంటి ఆపరేషనట. తర్వాత రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేసుకోవాలి. భార్య పోయి రెండేళ్లయింది, యూసుఫ్ పరీక్షలకి కర్నూలు వెళ్లాడు. ఆ ఇంట్లో ఏ ఫోనులోనూ నేను లేను. మీలో ఎవరైనా ఆదోని వైపు వెళ్తే, ఆ మందుల షాపులోకి ఒక్కసారి తొంగి చూసి, ఈ పూట చుక్కలు పడ్డాయో లేదో కనుక్కోండి.