స్పీకరమ్మ అల్లుడు

శాసనసభ శీతాకాల సమావేశాలు ఇంకో వారంలో మొదలవుతాయనగా స్పీకర్ వేదవతి సొంత ఖర్చుతో టికెట్ తీసుకుని, గన్‌మన్‌ని కూడా వెంట పెట్టుకోకుండా దోహా వచ్చింది. కూతురు ప్రతిమ భర్తతో, స్కూలుకెళ్ళే పాపతో దోహాకి ఉత్తరాన ఉన్న అల్ ఖోర్‌లో ఉంటుంది. అల్లుడు విశాల్ గ్యాస్ ప్లాంట్లకు పైపులైన్లు వేసే కంపెనీలో ఇంజనీరుగా ఉండేవాడు. ప్రాజెక్టు ఆగిపోయిందని చాలామందితో పాటు అతన్నీ తీసేశారు. ఆ సంగతి ప్రతిమ తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పక్క ఫ్లాట్‌లో ఉండే ఇరంకి కూడా తెలియదు. విశాల్ రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు తీస్తూనే ఉన్నాడు.

వచ్చిన మర్నాడు సాయంత్రం తల్లీకూతుళ్ళు సముద్రం ఒడ్డున నడవడానికి వెళ్ళారు. ఖతర్ జాతీయ దినోత్సవం దగ్గర పడింది. ఏ కారు చూసినా మెరూన్ జెండాలే. చేపల పడవలు వరసగా ఒడ్డుకి చేరుతున్నాయి. వేదవతి చెప్పులు విడిచి బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"ఇక్కడ నాకెవరూ దణ్ణం పెట్టరు. ఎంత హాయిగా ఉందో" అంది.

"సభలో ఈసారి గొడవ బాగానే ఉంటుందేమో కదమ్మా?"

"గొడవ కాక ఏముంటుంది? ఆస్పత్రులకి బిల్లులు ఆగిపోయాయి. పంట పోయినవాళ్ళకి పరిహారం లేదు. సగం నెల గడిచాక గానీ టీచర్లకి జీతాలు పడటం లేదు. ఇవన్నీ పెట్టుకుని సభ ఎలా తెరవాలా అని ఆలోచిస్తున్నాను. మా సచివాలయంలో కూడా అవుట్‌సోర్సింగ్ వాళ్ళని తగ్గించమన్నారు. సంతకం పెట్టే వచ్చాను."

తరవాత వేదవతి నీళ్ళవైపు చూస్తూ అంది: "అసెంబ్లీ పనంతా కంప్యూటర్లలోకి మారుస్తున్నాం. దానికో సాంకేతిక సలహాదారు కావాలి. ఎవరిని పెట్టాలన్నది నా ఇష్టమే. విశాల్‌ని రమ్మను."

ప్రతిమ విన్నది నమ్మలేకపోయింది. భర్తకి గుండె ఆపరేషన్ జరిగినప్పుడు ప్రభుత్వాస్పత్రిలో అందరితో పాటు వరసలో నిలబడ్డ మనిషి ఈవిడ. కూతురి కాలేజీ సీటు కోసం ఒక్క ఫోన్ చెయ్యమంటే, మార్కులు తెచ్చుకో, సీటు అదే వస్తుందని చెప్పిన మనిషి.

"నువ్వేనా అమ్మా ఈ మాట అంటున్నది?"

"నేనే. ఇన్నేళ్ళూ ఊరందరి పిల్లల గురించీ ఆలోచించాను. నాకున్నది నువ్వొక్కదానివి."

ఇంటికెళ్ళి చెబితే విశాల్ వెంటనే వద్దన్నాడు. "అత్తయ్యగారూ, మీకు మాటొస్తుంది. నాకు పైపుల పని వచ్చు గానీ అసెంబ్లీ కంప్యూటర్లు నాకేం తెలుసండీ?" అన్నాడు. వేదవతి బలవంతం చెయ్యలేదు. ఆవిడ వెళ్ళిపోయాక రెండు రోజులు ప్రతిమే అతని వెంట పడింది. వీసా గడువు దగ్గర పడుతోందనీ, పాప స్కూలు మధ్యలో ఆగిపోతుందనీ, అక్కడికెళ్ళాక పని నేర్చుకోవచ్చనీ నచ్చజెప్పింది. చివరికి, "సరే, నీ మాటే కానీ" అన్నాడు. ఒకసారి ఒప్పుకున్నాక అతను మారిపోయాడు. గడ్డం గీసుకున్నాడు. పాపతో కలిసి అట్టపెట్టెలు తెచ్చి సామాను సర్దడం మొదలుపెట్టాడు. వాళ్ళ అమ్మానాన్నలకి ఫోన్ చేసి వచ్చేస్తున్నామని చెప్పాడు.

సభ రేపనగా మధ్యాహ్నం ప్రతిమకి ఫోనొచ్చింది. భానుమతి. అసెంబ్లీలో అటెండరు. వేదవతి మొదటిసారి గెలిచిన రోజుల్లో ప్రతిమ స్కూలు నుంచి నేరుగా అసెంబ్లీకి వెళ్ళేది. తల్లి సభలో ఉంటే, విజిటర్ల గదిలో ఈ భానుమతే అన్నం కలిపి పెట్టేది, జడలు వేసేది.

"పాపా, బాగున్నావా? దుబాయ్‌లో చలిగా ఉందంటగా?"

"ఇది దుబాయ్ కాదు భానక్కా, ఖతర్. బాగున్నాం. నువ్వెలా ఉన్నావ్?"

"నన్ను తీసేశారమ్మా." గొంతు మామూలుగానే ఉంది. "ఒకటో తారీకు నుంచి రావొద్దన్నారు. అమ్మగారిని కలుద్దామని మూడు రోజులు తిరిగాను, లోపలికి పంపలేదు. ఆవిణ్ణి నేనేమీ అనటం లేదు, పైనుంచి వచ్చుంటుంది. నువ్వొక్క మాట చెప్పి చూడు తల్లీ. ఊడ్చే పనైనా సరే."

ప్రతిమ జవాబిచ్చేలోగా భానుమతే మళ్ళీ అంది: "కొత్తగా ఎవరో సలహాదారుణ్ణి పెడుతున్నారంట. ఆయనొక్కడి జీతంతో మాలాంటోళ్ళు ఎంతమంది బతకొచ్చో అని ఆఫీసులో అనుకుంటున్నారు. ఆ లెక్కలు నాకు తెలీవులే పాపా."

ఆ సాయంత్రం ప్రతిమ ఈ మాట విశాల్‌తో చెప్పింది. అతను పెట్టెకి టేపు అంటించడం ఆపలేదు.

"ఆవిడ ఉద్యోగం నేను లాక్కోలేదు ప్రతిమా. మీ అమ్మగారు ఆ సంతకం నా కోసం పెట్టలేదుగా. నన్ను తీసేసినప్పుడు నా గురించి ఎవరైనా ఇలా బాధపడ్డారా?"

అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు ఆమెకి. అయినా ఆ రాత్రి ఆమెకి నిద్ర సరిగా పట్టలేదు. తెల్లవారాక విశాల్ స్నానానికి వెళ్ళగానే బాల్కనీలోకి వెళ్ళి తల్లికి ఫోన్ చేసింది. దోహాలో ఇంకా ఎండ రాలేదు గానీ అక్కడ సభకి వేళైంది.

"అమ్మా, భానక్క ఫోన్ చేసింది."

"ఊఁ."

"ఆవిణ్ణి తీసేస్తున్నారని నీకు తెలుసా?"

"తెలుసు. చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు."

"మరి విశాల్ని..."

"ప్రతిమా, నేను సభలోకి వెళ్ళాలి. అధికారులు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. ఇప్పుడు నేనేం చెయ్యాలంటావు?"

"మాకు ఆ ఉద్యోగం వద్దమ్మా."

"మాకు అంటే ఎవరికి? అతన్ని అడిగావా?"

ప్రతిమ వెనక్కి తిరిగి స్నానాలగది తలుపు వైపు చూసింది.

"అడగలేదన్నమాట" అని వేదవతి ఫోన్ పెట్టేసింది.

లోపల విశాల్ టీవీలో అసెంబ్లీ ప్రసారం పెట్టి ఉప్మా పళ్ళెంతో కూర్చున్నాడు. "రా, మీ అమ్మగారు వచ్చే టైమైంది" అని పిలిచాడు. ప్రతిమ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఫోన్ చేసిన సంగతి చెబుదామని నోరు తెరిచేలోగా, మార్షల్ గొంతెత్తి స్పీకర్ వస్తున్నారని ప్రకటించాడు. సభ్యులంతా లేచి నిలబడ్డారు. వేదవతి మూడువైపులకీ నమస్కారం పెట్టి తన స్థానంలో కూర్చుంది. చనిపోయిన మాజీ సభ్యులకి సంతాపం అయ్యాక కళ్ళజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది.

"గౌరవ సభ్యులారా, రాష్ట్రం గడ్డురోజుల్లో ఉంది. ఈ సమావేశాల్లో మీరు కోపంగా మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. పొదుపు ఈ గడప దగ్గరే మొదలవ్వాలని మన సచివాలయంలో కొందరిని తొలగిస్తూ నేనే సంతకం చేశాను. వాళ్ళలో ఈ భవనంలో నాకంటే ఎక్కువకాలం పనిచేసినవాళ్ళున్నారు."

అక్కడ ఆగింది. చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. కొందరు సభ్యులు అప్పటికింకా తమలో తాము మాట్లాడుకుంటూనే ఉన్నారు.

"అదే వారంలో నేను ఒక సలహాదారు పోస్టు పెట్టాను. దానికి నేను ఎంచుకున్న మనిషి నా అల్లుడు. దోహాలో అతని ఉద్యోగం పోయింది. ఆ పోస్టు రద్దు చేస్తున్నాను. అతను అడగలేదు, నేనే పిలిచాను. నేను చేసింది తప్పని సభకి చెప్పుకుంటున్నాను."

మాట్లాడుకుంటున్న సభ్యులు తలలు తిప్పి చూశారు. తరవాత ప్రతిపక్షం వైపు నుంచి "రాజీనామా" అని ఎవరో అరిచారు. అంతే, అందరూ లేచారు. అధికార పక్షం వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పోడియం దగ్గరికి జనం దూసుకొస్తుంటే వేదవతి సభను వాయిదా వేసి లోపలికి వెళ్ళిపోయింది.

విశాల్ పళ్ళెం బల్ల మీద పెట్టాడు.

"నువ్వు చెప్పావా?"

"పొద్దున ఫోన్ చేశాను. మనకొద్దన్నాను. ఇలా అందరి ముందూ చెబుతుందనుకోలేదు విశాల్."

"నేను మొదటే వద్దన్నాను కదా. ఒప్పుకునేదాకా నా వెంట పడింది ఎవరు?" గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే ఆమెకి భయం వేసింది. "మా నాన్నకి చెప్పాను ప్రతిమా. ఊళ్ళో అందరికీ చెప్పుకుని ఉంటాడు ఈపాటికి."

అతను కారు తాళాలు కూడా తీసుకోకుండా నడుచుకుంటూ బయటికి వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా దోహాలో ఉన్న తెలుగువాళ్ళ గ్రూపులన్నిటిలో ఆ వీడియో తిరిగింది. ఛానళ్ళు 'స్పీకరమ్మ అల్లుడు' అని పేరు పెట్టి, ఎక్కడ దొరికిందో విశాల్ పెళ్ళి ఫోటో చూపించాయి. ప్రతిమ ఫోన్ కట్టేసి పాప పక్కన పడుకుంది.

సాయంత్రం ఇరం తలుపు కొట్టింది. కరీంనగర్ పిల్ల, ప్రతిమ కంటే చిన్నది. చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది.

"అక్కా, బిర్యానీ తెచ్చిన. పాపకి పెట్టు. నువ్వు గూడ తినాలె." అంటూనే లోపలికొచ్చి అట్టపెట్టెలు చూసింది. "గిన్ని దినాలు ఎందుకు దాచినవ్? మా ఆయన ఫుర్ఖాన్ పని గూడ పోయిన ఏడాది పోయింది కదా. నేను అందరికి చెప్పిన. సిగ్గు ఎందుకు? చెప్తేనే కదా ఎవరన్న దారి జూపుతరు."

ప్రతిమ ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

చీకటి పడ్డాక తల్లి ఫోన్ చేసింది.

"విశాల్ ఎలా ఉన్నాడు?"

"ఇప్పుడే వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఎందుకు చెప్పావమ్మా? రద్దు చేసి ఊరుకుంటే సరిపోయేది కదా."

"రద్దు చేసి ఊరుకుంటే అందరూ బల్లలు చరిచేవాళ్ళు. స్పీకర్ ఎంత పొదుపరి అని పేపర్లో రాసేవాళ్ళు. ఆ పొగడ్త మింగలేకపోయాను." వేదవతి ఊపిరి బరువుగా వినిపించింది. "అతని పరువు కూడా పోతుందని ఆ నిమిషంలో తోచలేదు. అది నిజం. ఫోన్ ఇస్తావా ఒకసారి?"

ప్రతిమ ఫోన్ చాపితే విశాల్ తల అడ్డంగా ఊపాడు.

"మరి భానక్క వాళ్ళ సంగతి?"

"ఆ ఆర్డర్లు అలాగే ఉన్నాయి. డబ్బు లేదు ప్రతిమా. నేను తప్పు ఒప్పుకున్నంత మాత్రాన డబ్బు పుట్టదు కదా."

సమావేశాల చివరి రోజున వేదవతి రాజీనామా చేసింది. ఎవరూ ఆపలేదు. ఫుర్ఖాన్ చెప్పిన మాట మీద విశాల్‌కి దోహాలో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజర్ పని దొరికింది. మునుపటి హోదా కాదు, మునుపటి ఇల్లూ కాదు. నగరంలోని పాత పేట ఫరీజ్ బిన్ మహమూద్‌లో కింద టైలరు కొట్టు, పైన ఒకటే గది ఉన్న ఫ్లాటు. పాపని వేరే స్కూల్లో వేశారు. విశాల్ భార్యతో మాట్లాడుతున్నాడు, పాప చదువు, కూరలు, అద్దె వరకూ. అత్తగారి పేరు మాత్రం ఎత్తడు. ప్రతిమ కూడా ఎత్తదు. తప్పు తనదా, తల్లిదా, ఇద్దరిదీనా అని ఎన్నిసార్లు ఆలోచించినా ఆమెకి తేలలేదు.

భానుమతికి తనే ఫోన్ చెయ్యాలని చాలారోజులు అనుకుని, ఒక శుక్రవారం చేసింది. సెలవు కావడంతో విశాల్ పాపని తీసుకుని పార్కుకి వెళ్ళాడు.

"అమ్మగారు అలా అనకుండా ఉండాల్సింది పాపా" అంది భానుమతి. "అల్లుడుగారి పని పోయె, అమ్మగారి కుర్చీ పోయె. మాకేం ఒరిగింది?"

"నేనే చెప్పాను భానక్కా, నీ గురించి."

"తెలుసులే తల్లీ. నిన్నేమీ అనటం లేదు." అవతల ప్రెషర్ కుక్కర్ కూత పెట్టింది. తరవాత గొంతు తగ్గించి అడిగింది: "మీ దుబాయ్‌లో ఇళ్ళల్లో వంటపనికి మనుషుల్ని తీసుకుంటారంటగా? మా వీధిలో ఒక ఏజెంటు తిరుగుతున్నాడు. పాస్‌పోర్టు కూడా తనే చేయిస్తానన్నాడు. రమ్మంటావా?"

అలా ఏజెంట్ల మాట నమ్మి వచ్చినవాళ్ళని ప్రతిమ చూసింది. ఇల్లు దాటి బయటికి రావడానికి వీల్లేని, ఫోన్ కూడా చేతికివ్వని ఇళ్ళలో ఉన్నవాళ్ళని.

"వద్దు భానక్కా. ఆ ఏజెంటుకి కాగితాలేవీ ఇవ్వకు. అస్సలు రావొద్దు."

"రావొద్దంటే మరేం చెయ్యమంటావ్ చెప్పు" అంది భానుమతి. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది.

ప్రతిమ ఫోన్ పెట్టెయ్యలేదు. "ఉండు భానక్కా, ఆలోచిద్దాం" అంది. ఇద్దరూ చాలాసేపు అలా ఫోన్ పట్టుకునే ఉన్నారు.