తేదీ దగ్గరపడ్డ బిళ్లలు

మా బావ జగన్నాధానికి చెప్పినా గోడకి చెప్పినా ఒకటే. గజపతినగరంలో నేను మందుల షాపు పెట్టి పద్దెనిమిదేళ్లయింది, ఇంత మొండిమనిషిని నేను చూడలేదు. మడమ కింద నల్లమచ్చ పుండై, చీముపట్టి, కుంటుతూ కూడా "ముల్లు దిగిందిరా" అంటూ రెండేళ్లు మడిలోనే తిరిగాడు. చివరికి విశాఖలో చర్మ కేన్సరని తేల్చారు.

అక్కడి డాక్టరమ్మ మాకు విడమరిచి చెప్పింది. ఆమె ఇచ్చే ఇంజెక్షన్ తానుగా కేన్సర్ని చంపదట. ఒంట్లో కాపలా కాసే కణాలను దానిమీదికి ఉసిగొల్పుతుందట. పుండులో క్రిములు ముదిరితే ఆ కాపలా దారి తప్పొచ్చు. అలాగని యాంటీబయాటిక్ బిళ్లలు ఇష్టమొచ్చినట్టు మింగితే పేగుల్లోని మంచి క్రిములు చచ్చి, ఇంజెక్షన్ సరిగా పనిచేయకపోవచ్చు. "చీము పట్టినా, జ్వరమొచ్చినా వెంటనే నా దగ్గరికి రండి. పరీక్ష చేసి ఏ మందో నేను చెబుతాను" అంది.

క్రిములు ఉంటే తంటా, చంపితే తంటా! ఇదెక్కడి గోలరా దేవుడా అని తల పట్టుకున్నాను.

వారం తిరక్కుండానే బావ షాపుకొచ్చాడు. "ఒరే గోవిందూ, పుండు కంపు కొడతన్నాది. రెండు బిళ్లలియ్యరా."

"ఇయ్యనంటే ఇయ్యను! సావాలనుందేటి నీకు? సెప్తే బుర్రకెక్కదా?" అని కౌంటరు ముందు జనమంతా చూస్తుండగా అరిచాను. మళ్లీ అడగలేదు. హమ్మయ్య, దారికొచ్చాడనుకున్నాను.

మూడు నెలలకు స్కాను తీస్తే గడ్డ పెరిగింది. "మధ్యలో బిళ్లలేమైనా వాడారా?" అని డాక్టరమ్మ అడిగింది.

నాకు ఒళ్లు మండింది. "మందుల షాపు నాదేనమ్మా. ఒక్క బిళ్ల ఇవ్వలేదు" అన్నాను.

బావ జేబులోంచి నలిగిన కవరొకటి తీసి బల్లమీద పెట్టాడు. తేదీ దగ్గరపడ్డ మందులు పారేయబుద్ధి కాక ఏటా చుట్టాలకు పంచేస్తుంటాను. అది నిరుడు నేనిచ్చిన కవరే. మీద నా చేతిరాత: పుండ్లకి, పూటకొకటి. లోపల అన్నీ ఖాళీ స్ట్రిప్పులే.

"నువ్విచ్చినయ్యేరా" అన్నాడు.

డాక్టరమ్మ కవరు అటూ ఇటూ తిప్పింది. "దీనివల్లేనని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను."

నేను బావ వైపు తిరిగాను. "నన్నొక్క మాట అడగొచ్చు కదా బావా!"

"అడిగినాను గదరా" అన్నాడు నేలచూపులు చూస్తూ. "అందరి ముందూ తిట్టినావు."