మళ్లీ రాస్తున్నాడు

ఇర్బిద్ పట్టణంలో వందమంది కుర్రాళ్లలో సర్టిఫికెట్ లేకుండా బడి మానేసినవాళ్లు తొమ్మిదిమందేనని సర్వే తేల్చింది. ఆ అంకె చూసినప్పటి నుంచి గణాంకాల ఆఫీసులో షురూక్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. ఒక్క మెకానిక్కుల వీధిలో చూసినా వందకు సగంమంది అలాంటివాళ్లే కనిపిస్తారు మరి!

ఫారాలు మళ్లీ తిరగేసింది. ఇరవై మూడేళ్లవాడు చదువుతున్నాడట. ఇరవై నాలుగేళ్లవాడూ చదువుతున్నాడట. ఏ బడి అన్న గడి మాత్రం ఖాళీ. ఇల్లిల్లూ తిరిగి అవి రాసుకొచ్చిన హైసమ్‌ను పిలిచి నిలదీసింది.

"నన్నేం చెయ్యమంటారు మేడమ్? బడి ఆఖరి ఏడు తౌజీహీ పరీక్ష తప్పాడా అని ఏ తల్లినడిగినా, తప్పడమేంటి, మళ్లీ రాస్తున్నాడు అంటుంది. ఐదేళ్లయినా అదే మాట. గట్టిగా అడిగితే కాఫీ ఇచ్చిన చేత్తోనే గెంటేస్తుంది."

"అందుకని కాఫీ తాగేసి చదువుతున్నాడని రాసేస్తావా? సిగ్గులేదూ!"

"మీ అమ్మగారి కాఫీ కూడా తాగాను మేడమ్."

షురూక్ గబగబా ఆ ఫారం వెతికి తీసింది. ఐదేళ్లుగా టమాటాల బండి తోలుతున్న తమ్ముడు మామూన్ కూడా చదువుతూనే ఉన్నాడు. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, వాడు పుస్తకం తెరిచి ఎన్నేళ్లయింది?"

"తెరుస్తాడులేవే. మానేశాడని నువ్వే రాసేస్తే ఇంకేం తెరుస్తాడు?"