తేలికపాటి వైట్ వైన్

“చేపతో వైట్ వైనే తాగుతారట. మంచిది చూసి తీసుకురా. వాళ్ళ ముందు నా పరువు తియ్యకు” అన్నాడు మా ఆయన, షూ లేసులు బిగించుకుంటూ. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ మేనేజరు, ఆయన భార్య మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. నేను అప్పటికి బట్టలు ఆరేసి, అత్తయ్యకి బీపీ మాత్ర ఇచ్చి, డ్యూటీకి ఆలస్యమవుతోందని తడిచేతులతోనే జడ వేసుకుంటున్నాను. వైన్ గురించి నాకేం తెలుసు అనబోయి ఊరుకున్నాను. తెలియదంటే “నీకేం తెలిసి ఏడ్చింది గనక” అంటాడు. తెలుసంటే “ఎవడు నేర్పాడు” అంటాడు.

“ఆడది వెళ్ళి సీసాలు కొనుక్కురావడమేమిట్రా” అని అత్తయ్య సణిగింది. అతను వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు. తలుపు పడ్డాక ఆవిడ నావైపు తిరిగి, “తెచ్చెయ్యమ్మా. వాడికి కోపం తెప్పించడం ఎందుకు” అంది. మా ఇంట్లో ఏ మాట ఎక్కడ మొదలైనా అక్కడికే వచ్చి ఆగుతుంది.

మొదటిసారి అతను నామీద చెయ్యి చేసుకున్నది పెళ్ళయిన కొత్తలో, ఆఫీసు విందు నుంచి తిరిగొచ్చాక. మర్నాడు పొద్దున్న అత్తయ్య వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి నా వీపు కాపుతూ, “వాడు కాదమ్మా కొట్టింది, వాడి కడుపులో పడ్డ మందు. తాగనప్పుడు చూడు, ఎంత బంగారంలా ఉంటాడో” అంది. అతను కూడా నా కాళ్ళ దగ్గర కూర్చుని, నాకేం గుర్తులేదని కళ్ళు తుడుచుకున్నాడు. నేను నమ్మాను. నమ్మడం నాకు సులువు కూడా. ఆస్పత్రి మందుల కౌంటర్లో ఉద్యోగం నాది. పొద్దస్తమానం సీసాల మీది చిన్న అక్షరాలు చదివి, ఎన్ని చుక్కలో, ఎన్ని పూటలో చెప్పి పంపిస్తుంటాను. దేనికైనా మోతాదే ముఖ్యమని చదువులో మొదటి పాఠం. అతని తాగుడునీ అలాగే చూసుకున్నాను. విస్కీలో కనబడకుండా నీళ్ళు కలిపేదాన్ని. ఐసు ఎక్కువ వేసేదాన్ని. గ్లాసు పట్టుకోకముందే కడుపు నిండేలా ఏవో వేయించి పెట్టేదాన్ని. చదివిన చదువూ, ఉన్న తెలివీ అన్నీ అతని గ్లాసు చుట్టూనే తిరిగాయి. అయినా ఒక్కోసారి లెక్క తప్పేది. కిందటిసారి స్నేహితుడెవరో చిక్కటి రెడ్ వైన్ తెచ్చినప్పుడు నా భుజం కీలు తప్పింది. చెయ్యి మెడకి వేలాడేసుకుని డ్యూటీకి వెళ్తే, “మీరు ఇన్నిసార్లు బాత్రూంలో జారితే ఎలాగమ్మా, పోనీ మేమంతా చందా వేసుకుని రబ్బరు చాప కొనిపెట్టమంటారా” అన్నాడు మా సూపర్‌వైజరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రం డ్యూటీ దిగి, పోస్టాఫీసు పక్కసందులో ఉన్న వైన్ షాపుకి వెళ్ళాను. చల్లటి గది, నేల నుంచి పైకప్పు దాకా సీసాలు. అక్కడ పనిచేసే ఆవిడది నాకంటే పెద్ద వయసు. ఏం వండుతున్నారని అడిగింది. చేప, సన్నటి మంట మీద వెన్నలో కాల్చి నిమ్మరసం పిండుతానని చెప్పాను.

“అయితే మరీ ఆలోచించక్కర్లేదమ్మా. చేప మీద నిమ్మకాయ ఎందుకు పిండుతాం, వైన్‌లోనూ ఆ పులుపే ఉండాలి. వంట తేలికైతే వైనూ తేలిక. కారం ఎక్కువ వేస్తే మాత్రం కాస్త తీపి ఉన్నది పట్టుకెళ్ళండి. ఇంకోటి, మరీ గడ్డకట్టేంత చల్లగా పొయ్యకండి, వాసన చచ్చిపోతుంది” అంది. మూడు సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకదానిలోంచి చిన్న గ్లాసులో కొంచెం పోసి రుచి చూడమంది. వద్దన్నాను. ఇంటికెళ్ళాక నా నోరు వాసన వస్తే దానికో గొడవ.

నేను సీసాలు తిప్పి వెనక అక్షరాలు చదివాను. పదమూడు శాతం, పదమూడున్నర, పద్నాలుగు.

“వీటన్నిటికంటే తక్కువ మత్తు ఉండేది లేదా?” అన్నాను.

“తాగేది మీరేనా?”

“కాదండీ. మావారు.”

ఆవిడ బల్ల మీది సీసాలు పక్కకి జరిపింది. తర్వాత వంగి కింది అరలోంచి సన్నటి పొడుగాటి సీసా ఒకటి తీసి తుడిచింది. “తొమ్మిది శాతం. పులుపూ బావుంటుంది, చేపకి సరిగ్గా సరిపోతుంది” అని కాగితంలో చుట్టి ఇస్తూ, “జాగ్రత్తమ్మా” అంది. సీసా గురించే అన్నట్టు తల ఊపి వచ్చేశాను.

ఆదివారం అంతా సవ్యంగానే జరిగింది. అత్తయ్య తన గదిలోనే ఉండిపోయింది. చేప చక్కగా కాలింది. మేనేజరు మితంగా తాగే మనిషి. ఆయన్ని చూసి మా ఆయన కూడా ఒక గ్లాసు పోసుకుని, అదీ సగమే తాగాడు. నాకు లోపల్లోపల పండగలా ఉంది. మేనేజరు భార్య సీసా ఎత్తి నావైపు వంచబోతే, “తనకి ఆ వాసనే పడదండీ” అన్నాడు మా ఆయన. నేను తల ఊపాను.

“చేపకి ఎంత బాగా కుదిరిందో. ఎవరు ఎంచారు?” అంది ఆవిడ.

“నేనేనండీ. నాలుగు షాపులు తిరిగితే గానీ దొరకలేదు.”

“ఏ షాపులో దొరికింది? మేమూ తెచ్చుకుంటాం.”

అతను నీళ్ళు నమిలాడు. అతన్ని కాపాడుతున్నాననుకునే నోరు విప్పాను. “పోస్టాఫీసు పక్కసందులోనండీ. అక్కడొకావిడ ఉంటారు, ఏ వంటకి ఏది బావుంటుందో చెప్తారు. చేప మీద నిమ్మకాయలా వైన్‌లో పులుపుండాలట” అంటూ ఆగకుండా చెప్పుకుపోయాను. నా మాట అంతసేపు ఎవరూ ఆసక్తిగా విని ఎన్నాళ్ళయిందో. మేనేజరు పెద్దగా నవ్వి, “అదీ సంగతి. ఇంట్లో ఎంపికలు మీవి, గొప్పలు మావాడివన్నమాట” అన్నాడు. అందరం నవ్వాం. మా ఆయన అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

వాళ్ళని కారు దాకా సాగనంపి వచ్చి, తలుపు గడియ పెట్టాడు. చేతి గడియారం విప్పి అలమరలో పెట్టాడు. బల్ల అంచున ఉన్న గ్లాసులు పగలకుండా ఒక్కొక్కటే లోపలికి జరిపాడు.

“నన్ను నవ్వులపాలు చేస్తే నీకు సరదా కదూ” అన్నాడు. మాట తడబడలేదు. కళ్ళు ఎర్రగా లేవు. వీపు మీద, నడుం మీద, భుజం కింద కొట్టాడు. ముఖం మీదికి రాబోయిన చెయ్యి రేపు నేను డ్యూటీకి వెళ్ళాలని గుర్తొచ్చినట్టు మధ్యలో ఆగి, కిందికి దిగింది. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్ళలో ఒక్క దెబ్బ కూడా బట్ట కప్పని చోట తగల్లేదు. ఒళ్ళు తెలియనివాడికి అంత జాగ్రత్త ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆయాసం తీరాక, “ప్లేట్లు తియ్యి” అని గదిలోకి వెళ్ళి పడుకున్నాడు. కాసేపటికే గురక వినబడింది.

అత్తయ్య గుడ్డలో ఐసు మూట కట్టుకుని వచ్చింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, “వాడు కాదమ్మా, ఆ పాడు మందు...” అని మొదలుపెట్టింది.

“తాగలేదత్తయ్యా. చూడండి, ఆయన గ్లాసు. సగం అలాగే ఉంది.”

ఆవిడ గ్లాసు వంక చూసింది. ఐసు కరిగి నా వీపు మీదుగా నీళ్ళు కారుతున్నాయి. పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు మెల్లగా అంది: “మీ మామగారు జన్మలో చుక్క ముట్టలేదమ్మా.”

నేను కోడలిగా వచ్చేసరికే ఆయన లేరు. ఆయన గురించి ఈ ఇంట్లో మంచి తప్ప ఇంకో మాట నేను వినలేదు.

“తాగినా బావుండునని ఏడ్చేదాన్ని. అడిగినవాళ్ళకి చెప్పుకోవడానికి ఒక కారణమన్నా ఉండేది. వీడు తాగడం మొదలెట్టినప్పుడు, పోనీలే, రేపొచ్చే పిల్లకి చెప్పడానికి ఒక మాట దొరికింది అనుకున్నాను.”

నేను ఆవిడ చేతిలోంచి ఐసు మూట తీసి బల్ల మీద పెట్టాను. శుభ్రమైన గ్లాసు తెచ్చుకుని సీసాలో మిగిలింది కొంచెం పోసుకున్నాను. చల్లారిన చేపముక్కతో కలిపి, కూర్చుని, తొందరపడకుండా తిన్నాను. బావుంది. ఆవిడ నేను తినడం చూస్తూ నిలబడింది. తర్వాత గురక వింటూ ఆ గదిలోకి వెళ్ళి, నా చదువు సర్టిఫికెట్లు, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని వచ్చాను. ప్లేట్లు అలాగే ఉన్నాయి.

“మీరూ రండి అత్తయ్యా” అన్నాను.

ఆవిడ పడకగది తలుపు వంక చూసింది. తల అడ్డంగా ఊపింది. నేను గడియ తీస్తుంటే మాత్రం దగ్గరికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు రెక్క రెండు చేతులతో పట్టుకుంది.