పెద్దమ్మ వదిలిన పంది

జర్మనీ యుద్ధం జరుగుతున్న ఏడు ఆత్మకూరు పక్కన ఎరుకల గుడిసెల్లో పందులకు గత్తర తగిలింది. చెవులు కమిలి, వెనకకాళ్ళు ఈడ్చుకుంటూ చచ్చాయి. నాగక్క దొడ్డిలో ఒక్క ఆడపంది మాత్రం జ్వరంతో పడి, గంజి కూడా ముట్టక, ఎలాగో లేచి నిలబడింది. తర్వాత చూడి కట్టి ఆరు పిల్లల్ని ఈనింది.

పిల్లలింకా పాలు తాగుతుండగానే నాగక్క మామ పెద్ద ఈరన్న దాని మెడకు పసుపు గుడ్డ కట్టాడు.

"ఏంది మామా ఇది?"

"పెద్దమ్మ తల్లి ముట్టి వదిలిన పంది. అమ్మదే. ఈనేదాకా ఆగినా, ఇంగ మొక్కు తీర్చాల."

"అన్నీ చచ్చి ఇదొకటి మిగిల్తే, దీన్నే కోస్తావా?"

"మిగిలిందాన్నే అడుగుతాది. చచ్చినవి ఎవురికి కావాల?"

నాగక్క తన ముఖం మీది మశూచి మచ్చలు చూపించింది. "నాకు ఒగసారి అమ్మ పోసింది. మల్లా వచ్చిందా? మొన్న అమ్మ పోసి పడినోళ్ళకంతా నీళ్ళు తాపింది నేనే గదా! దీనికీ అంతే. గత్తరొస్తే ఇది నిలబడతాది. దీని పాలు తాగినన్నాళ్ళు పిల్లలూ నిలబడతాయి. మాయమ్మ దొడ్లో చూసినా. కాదంటావా, నాకూ పసుపు గుడ్డ కట్టి తోలకపో."

"ఈ నోటివల్లే నా కొడుకు పోయినాడు" అన్నాడు ఈరన్న.



నాగక్క పందిని పుట్టింటికి తోలుకుపోదామనుకుంది. దొంగల కులమని సర్కారు రాసుకున్న ఎరుకలవాళ్ళు ఠాణాలో చీటీ ఇవ్వనిదే ఊరు దాటకూడదు. వెళ్ళి అడిగితే జవాను నవ్వాడు. "పందికొకటి, నీకొకటి రాయాల్నా?"

మంగళవారం కోశారు. పిల్లలు తల్లి వాసనకు వచ్చి నెత్తుట్లో మూతులు పెట్టాయి. నాగక్క వాటిని గంపలో వేసుకుని పోయింది. ఇంటి వాటా కూర ఈరన్న వండమన్నాడు. వండింది.

జొన్న గంజి పోసి పిల్లల్ని సాకింది. ఎండలు ముదిరాక పక్క గుడిసెవాళ్ళు సంతలో కొన్న పందితో గత్తర మళ్ళీ వచ్చింది. మొదట రెండు పడ్డాయి, తర్వాత మిగిలినవీ. ఆఖరిది ఆమె ఒళ్ళోనే బిగుసుకుపోయింది.

ఈరన్న దొడ్డి దగ్గర కూలబడ్డాడు. "మొక్కు ఆలస్యం చేసినాం. అమ్మకు శానా కోపమొచ్చింది."

గుంత తవ్వుతున్న నాగక్క తలెత్తలేదు.

"కోపం తీరింటాదిలే మామా. ఇంగ ఈడ అడిగేదానికి ఏముండాది?"