రేకుల గదిలో రెండో మంచం

ఉదయ్ భాస్కర్ బూర్గంపాడులో కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు తాగి స్తంభమెక్కి కిందపడ్డ మనిషి. తాగుడు మాని, ప్రభువును నమ్ముకుని పదమూడేళ్లయింది. నాలుగేళ్లుగా ప్రతి గురువారం బస్సెక్కి జైలుకు వెళ్తాడు. మత్తుకు బానిసలైన ఖైదీలతో గంటసేపు బైబిలు చదివిస్తాడు, వాళ్ల గోడు వింటాడు.

ఇంతా చేస్తే, విడుదలైనవాళ్లలో ఇద్దరు నెల తిరక్కుండానే మళ్లీ సారా వాసనతో ఎదురుపడ్డారు. ఇక మిగిలిన ఆశ పూల్‌సింగ్. తండా మనిషి. తాగిన మైకంలో పక్కింటాయన తల పగలగొట్టి లోపలికొచ్చాడు. మొదట్లో చేతులు వణికి గ్లాసు పట్టలేనివాడు, ఇప్పుడు తోటివాళ్లకు కీర్తనలు చదివి వినిపిస్తున్నాడు. సోమవారం విడుదల.

ఆ గురువారం భాస్కర్ హుషారుగా వెళ్తే పూల్‌సింగ్ తల వంచుకుని ఉన్నాడు.

“అన్నా, నన్ను ఇంకో ఆర్నెల్లు ఈడనే ఉంచమని సార్లకు చెప్పరాదే.”

“ఏందిరా గట్లంటవ్?”

“మా అమ్మ ఇప్పసారా కాస్తది. ఇంట్ల అడుగువెట్టంగనే ఆ వాసన. నాతోని కాదన్నా.”

భాస్కర్‌కు ఒళ్లు మండింది. “పద్నాలుగు నెలల సంది ఏం చెప్పిన నీకు? దేవుడు ఈ గోడల నడుమనే ఉంటడా?”

“బయట గూడ ఉంటడు. పొద్దుగూకితే మా బావ గ్లాసు వట్టుకొని నా పక్కన కూసుంటడు. మరి ఇంకో పక్కన ఎవలుంటరు?”

“ప్రార్థన చెయ్యి.”

“చేస్త. చేసి తాగుత.”

తిరుగు బస్సులో భాస్కర్ దేవుడి మీద విసుక్కున్నాడు. నాలుగేళ్లు దేనికి తిరిగినట్టు? అలా విసుక్కుంటుండగానే రాందాస్ పాస్టరు గుర్తొచ్చాడు. తను తాగుడు మానేసిన రోజుల్లో ఆయన తనను రెండు నెలలు వాళ్లింట్లోనే పెట్టుకున్నాడు. గంజి తాగించాడు, వాంతులు కడిగాడు. మరి తను? గంట పాఠం చెప్పి, ఇంటికొచ్చి వేడన్నం తిన్నాడు. ఆ ఇద్దరినీ జైలు గేటు దగ్గరే వదిలేశాడు. కోపం తన మీదికే తిరిగింది గానీ తగ్గలేదు.

పూల్‌సింగ్‌ను ఇంటికి తెస్తాననగానే భార్య ప్రసూన చేతిలో గిన్నె కింద పెట్టింది.

“నువ్వు తాగిన దినాలు నేను మర్వలే. అసొంటోణ్ణి మళ్ల ఇంటికి తెస్తవా?”

భాస్కర్ లేచి పెరట్లోకి నడిస్తే, ఆమె వెనకే వచ్చింది.

“వెనక రేకుల అర్ర ఉన్నది,” అంది చివరికి. “నీ మంచం గూడ అండ్లనే వేసుకో. వాడు నా ఇంట్లకు మాత్రం రావద్దు.”

సోమవారం విడుదలై పూల్‌సింగ్ వచ్చాడు. ఎనిమిది రోజులు కట్టెలు కొట్టాడు, భాస్కర్‌తో కూర్చుని వాక్యం చదివాడు. తొమ్మిదో రోజు పొద్దున్నే మంచం ఖాళీ. భాస్కర్ బస్టాండు, కల్లు దుకాణాలు, ఏటి ఒడ్డు అన్నీ తిరిగాడు. సాయంత్రం అలసిపోయి ఇంటికొస్తే, పూల్‌సింగ్ గది గడప మీద కూర్చుని ఉన్నాడు. సారా వాసన.

“ఒక్క గ్లాసన్నా. రెండోది పోస్తుంటే లేచొచ్చిన.”

భాస్కర్ నోటిదాకా తిట్లొచ్చాయి. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. బకెట్టెడు నీళ్లు తెచ్చి అతని ముందు ఠపీమని పెట్టాడు.

“ముందుగాల తానం చెయ్యి,” అన్నాడు విసుగ్గా.