కలేమన్నా వచ్చిందా?

"రాత్రి కలేమన్నా వచ్చిందా?"

వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న సుబ్బరావమ్మ తలెత్తలేదు. పెళ్లయిన ఆరేళ్లలో తిన్నావా అని ఒక్కనాడు అడగని మహానుభావుడు, చేతులు భగ్గున మండుతున్నా కాస్త నూనె రాసుకోవే అనని మహానుభావుడు, పొద్దున్నే పళ్లన్నా తోముకోకుండా ఇది మాత్రం అడుగుతాడు. యలమందయ్య చిలకలూరిపేటలో బ్రాకెట్ చీటీలు రాస్తాడు. బొంబాయి నుంచి ట్రంకు కాల్లో ఒక అంకె వస్తుంది. దానిమీద మిల్లు కూలీలంతా పందెం కాస్తారు. ఆట నడిపేవాడు తెల్లచొక్కా వేసుకుని పోలీసులకి కాఫీలు పోయిస్తాడు. ఈయనగారేమో వాడికి చీటీలు రాసి, వాడిచ్చిన కమీషను మళ్లీ వాడి ఆటలోనే పోస్తాడు. అబ్బో, ఏం తెలివి! ఏ అంకె మీద కాయాలో మాత్రం పెళ్లాం నిద్రలో వెతుక్కుంటాడు.

తప్పు తనదే. నాలుగేళ్ల కిందట కడుపుతో ఉన్నప్పుడు, కాలవలో ఏడు బాతులు పోతున్నట్టు కలొచ్చిందని నోరు జారింది. "కడుపుతో ఉన్నదాని కల తప్పదురా" అంది అత్త బసవమ్మ. ఏడే తగిలింది. ఆ సాయంత్రమే సుబ్బరావమ్మకి కడుపు పోయింది. ఆయన కోడిని పట్టుకొచ్చి మంచం పక్కన నిలబడి, "మహాలక్ష్మివే నువ్వు!" అన్నాడు. ఛీ.

అప్పట్నుంచి నిద్ర కూడా చాకిరీ అయిపోయింది. కల రాలేదంటే, "మొద్దులా పడుకుంటే ఎట్టా వస్తాయిలే" అని అత్త సాధింపు. ఇప్పుడు మళ్లీ మూడో నెల. ఇంట్లో ఒకటే సంబరం. బిడ్డ కోసమనుకునేరు!

"చెప్పవే, టైమవుతోంది."

నిజానికి వచ్చింది. ఎర్రగౌను వేసుకున్న పిల్ల, తన ఒళ్లోకి పాక్కుంటూ. గౌనుకి ఎన్ని గుండీలున్నాయో కూడా గుర్తుంది. చచ్చినా చెప్పదు.

"మీరు పోయినట్టు వచ్చింది. పాడె మీద తీసుకుపోతున్నారు."

పక్కనే మిరపకాయలు చెరుగుతున్న బసవమ్మ చేతిలో చేట కింద పడింది. "నీ నోరు పడిపోను!"

యలమందయ్య కళ్లు మాత్రం మెరిశాయి. "ఎంతమంది మోశారే?"

సుబ్బరావమ్మ మొగుణ్ణి తేరిపార చూసింది. వీడికా తను ఇన్నాళ్లూ భయపడింది?

"నలుగురు."

ఆయన చెప్పులేసుకుని పరుగెత్తాడు. ఆమె లేచి, చేతులు రెండుసార్లు కడుక్కుని, రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. పర్చూరులో పొగాకు పనికి పోతూ ఒంటరిగా బతికే అక్క ఎప్పట్నుంచో రమ్మంటూనే ఉంది.

"తొడిమలు సగం అట్టానే ఉన్నాయి, ఎక్కడికే?" అరిచింది బసవమ్మ.

"అక్క దగ్గరికి."

"ఏం పనుందని?"

"నిద్రపోవడానికత్తా."